తొలి బిల్లు మర్యాద

లెస్టర్ ప్రూయిట్‌ని దుర్మార్గుడని ఎవరైనా అంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను. దుర్మార్గుడైతే నాకింత కోపం ఉండేది కాదు. మా రాష్ట్ర శాసనసభలో దాదాపు ఇరవై ఏళ్ళు కూర్చుని, ఒక్కరికీ అపకారం తలపెట్టకుండా, చివరి ఒక్కటి తప్ప ఏ బిల్లూ ప్రవేశపెట్టకుండా, అందరి చేతా శభాష్ అనిపించుకున్న మనిషి అతను. అలాంటివాళ్ళని ఏమనాలో నాకు తెలీదు. వాళ్ళకి భోజనం పెట్టడం మాత్రం బాగా తెలుసు.

మా పొలం పోయాక రాజధానికి వచ్చేశాం. అక్కడ సభా భవనానికి రెండు వీధుల అవతల నాకో అద్దె గదుల ఇల్లు ఉండేది. సభ రెండేళ్ళకోసారి, పొలాల మీద మంచు పరుచుకుని రైతులకి పనిలేని రోజుల్లో కూర్చునేది. అప్పుడు మా మేడ మీద గదులన్నీ సభ్యులతో నిండిపోయేవి. పగలంతా చట్టాలు చేసేవాళ్ళు. సాయంత్రం నా బల్ల చుట్టూ చేరి, గ్రేవీ గిన్నె ముందు ఎవరి వైపు వెళ్ళాలా అని వాదించుకునేవాళ్ళు. రెండింట్లోనూ గ్రేవీ మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టేవారని నా అభిప్రాయం.

లెస్టర్‌ది మా సొంత జిల్లా బ్రాంట్ కౌంటీయే. వేలంపాటలు నడపడం అతని వృత్తి. నోరు తెరిచాడంటే మాటకీ మాటకీ మధ్య గాలి కూడా దూరేది కాదు. ధూళి తుఫానులు రేగి, పంటలు పోయి, బ్యాంకులు పొలాలు జప్తు చేసుకున్న ఆ పాడు రోజుల్లో మావాళ్ళందరి సామాన్లూ వేలం వేసింది అతనే. మా పియానో, మా ఆవులు, చివరికి మా ఆయన కూర్చునే కుర్చీ కూడా. ఆ రోజు మా పెరట్లో నిలబడి మా ముసలి గుర్రాన్ని చూపిస్తూ, "దీనికి పళ్ళు లేవు, మీకు మేత ఖర్చు లేదు. ఒక కన్ను పోయింది, కాబట్టి మీ పొలం ఎంత పాడైందో సగమే చూస్తుంది" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను, ఏడుస్తూనే నవ్వాను. ఊరంతా దివాలా తీసినప్పుడు నవ్వించిన మనిషిని ఎవరు మర్చిపోతారు? తర్వాతి ఎన్నికల్లో అతన్ని సభకి పంపించారు. అక్కడికి వెళ్ళి ఏం చేస్తావని ఎవరూ అడగలేదు. అతనూ తనని తాను అడుక్కోలేదు.

సభలో అతను చేసిందల్లా సరదా. కునుకు తీస్తున్న సభ్యుడి బూట్ల తాళ్ళు రెండూ కలిపి కట్టేసేవాడు. స్పీకర్ మంచినీళ్ళ గ్లాసులో ఊరగాయ పులుపునీళ్ళు పోసేవాడు. స్పీకర్ అవి ఒక్క గుక్కలో తాగి, రాష్ట్రం అప్పుల గురించి మాట్లాడబోతూ మొహం పెట్టిన తీరు చూసి, అప్పుల పరిస్థితి మరీ అంత ఘోరంగా ఉందా అని పత్రికలవాళ్ళు కంగారుపడ్డారు కూడా.

అన్నిటికన్నా పెద్ద సరదా తొలి బిల్లు మర్యాద. కొత్తగా ఎన్నికైన సభ్యుడు తన మొట్టమొదటి బిల్లు తెచ్చిన రోజున సభంతా కలిసి అతన్ని ఏడిపించాలి. ముందు పిచ్చి ప్రశ్నలు వేస్తారు. తర్వాత ఓటింగ్ పెట్టగానే అందరూ కూడబలుక్కుని వద్దని మీట నొక్కుతారు. గోడ మీది బోర్డులో అందరి పేర్ల పక్కనా ఎర్ర దీపాలు వెలుగుతాయి. కొత్తవాడి మొహంలో నెత్తురు ఇంకిపోతుంది. అది కళ్ళారా చూసి, కడుపుబ్బా నవ్వుకున్నాక, లెస్టర్ లేచి ఓటు మళ్ళీ పెట్టమని అడుగుతాడు. ఈసారి అన్నీ పచ్చ దీపాలే. బిల్లు నెగ్గుతుంది. కొత్తవాడు అందరికీ చుట్టలు పంచుతాడు. అక్కడితో అతను వాళ్ళలో ఒకడైపోయినట్టు. కొత్తవాళ్ళ బిల్లులంటే ఏ వాగు పేరో మార్చడం, కలుపు మొక్కల ఇన్‌స్పెక్టర్‌కి టోపీ ఇప్పించడం. అందుకని ఎంత నవ్వుకున్నా ఎవరి ప్రాణం మీదికీ వచ్చేది కాదు.

వాళ్ళకి ఇంకో అలవాటు ఉండేది. రాజ్యాంగం ప్రకారం చివరి రోజు మధ్యాహ్నం పన్నెండింటికి సభ ముగిసిపోవాలి. పని మిగిలిపోతే ద్వారం దగ్గరి ఉద్యోగి నిచ్చెన వేసుకుని గోడ గడియారాన్ని ఆపేసేవాడు. ముల్లు పన్నెండు మీదికి రాలేదు కాబట్టి పన్నెండు కానట్టే. బయట పొద్దు వాలిపోతున్నా లోపల ఇంకా ఉదయమే. వాళ్ళకి వీలు చిక్కినప్పుడే మా రాష్ట్రంలో మధ్యాహ్నం అయ్యేది. అలా ఆపిన గడియారం కింద చేసిన చట్టం ఒకటి కోర్టుకెక్కింది. పన్నెండంటే పన్నెండేనని తేల్చి జడ్జి ఆ చట్టాన్ని కొట్టేశాడు. అందుకని 1951లో సభ మొదలైన రోజే, ఇక గడియారం జోలికి ఎవరూ పోకూడదని స్పీకర్ గట్టిగా చెప్పాడు. అందరూ తలలూపారు. వాళ్ళు తలలూపడం నేను చాలాసార్లు చూశాను, ముఖ్యంగా గదుల్లో చుట్టలు కాల్చొద్దని చెప్పినప్పుడు.

ఆ ఏడాదే బెర్టీనా స్కోగెన్ మా ఇంట్లో దిగింది. ఆల్డర్ కౌంటీ నుంచి కొత్తగా గెలిచిన సభ్యురాలు. సభలో ఇంకో ఆడది లేదు. ఊళ్ళో ఆవిడది స్కూలు బస్సు నడిపే పని. వాళ్ళ ఊరి బయట రోడ్డు రైలు పట్టాలకి అడ్డంగా పోతుంది. గేటు లేదు, దీపం లేదు, గంట లేదు. పక్కనే ధాన్యం గిడ్డంగి ఒకటి ఆకాశమెత్తున నిలబడి, వచ్చే రైలుని దగ్గరికొచ్చేదాకా దాచేస్తుంది. ఆవిడ భర్త అక్కడే పోయాడు. అప్పట్నుంచీ ఆవిడ రోజూ బస్సు ఆపి, దిగి, పట్టాల దాకా నడిచి, రెండు వైపులా చూసుకుని, వెనక్కొచ్చి బస్సు దాటించేది.

"నేను దిగి చూస్తాను, ఆర్డిస్. అందరూ దిగి చూడరు కదా" అంది నాతో, సామాను మేడ మీదికి మోస్తూ.

ఎన్నికల్లో నిలబడింది అందుకే. అలాంటి చోట్ల రైలు కంపెనీ సొంత ఖర్చుతో హెచ్చరిక దీపం, గంట పెట్టాలి. ఆవిడ బిల్లంతా అంతే. ఆవిడకి ఇంకో కోరిక లేదు.

రైలు కంపెనీ తరఫున స్ట్రౌడ్ అని ఒక పెద్దమనిషి రాజధానిలో మకాం పెట్టాడు. చలికాలమంతా హోటల్లో సభ్యులకి విందులు చేశాడు. నా బల్ల దగ్గర కుర్చీలు ఖాళీగా ఉన్నాయంటే అక్కడ మాంసం బాగా కాలుస్తున్నారని అర్థం. బిల్లుని కమిటీలో అడుక్కి తొక్కిపెట్టించాడు. బెర్టీనా ఎవరికీ విందులివ్వలేదు. ఒక్కొక్కరినీ వసారాలో పట్టుకుని, "మీ మనవలు ఏ దారిన బడికెళ్తారు?" అని అడిగేది. జవాబు చెప్పేదాకా దారి ఇచ్చేది కాదు. స్ట్రౌడ్ మాంసం అరిగిపోయింది కానీ ఆవిడ ప్రశ్న అరగలేదు. బిల్లు ఎలాగో పైకి తేలి, పై సభ సెనేట్ దాటి, మా వాళ్ళ సభకి చేరింది. అప్పటికి మిగిలింది చివరి రోజు ఒక్క పూట.

ముందు రోజు సాయంత్రం భోజనాల దగ్గర బెర్టీనా ఫోర్కు పక్కన పెట్టి, "లెస్టర్, రేపు నా బిల్లుకి ఆ మర్యాదలేవీ వద్దు" అంది.

లెస్టర్ బంగాళదుంప ముద్దలో గ్రేవీకి గుంట చేసుకుంటున్నాడు. "అదేంటమ్మా? మర్యాద చెయ్యకపోతే నిన్ను పరాయిదాన్ని చేసినట్టు కాదూ? ఆడది కదాని వదిలేశారంటారు."

"అననీ. నాకేం నామోషీ లేదు."

"నీకు లేదమ్మా, మాకుంటుంది. చూడు, ఓట్లన్నీ నీవైపే ఉన్నాయి. నా ఓటూ నీదే. ఆ స్ట్రౌడ్ మొహం మాడ్చుకుని తిరుగుతున్నాడు, చూశావా? కాసేపు నవ్వుకుంటాం. నీ బిల్లు నీకిచ్చేస్తాం."

"టైము చాలదు."

"చాలకపోతే టైమే ఆగుతుంది. మా దగ్గర దానికి అలవాటే" అన్నాడు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు.

"గడియారం ముట్టుకోవద్దన్నారు కదయ్యా" అన్నాను నేను.

"ఆర్డిస్, నువ్వు ఆ రొట్టెల సంగతి చూడు, మాడు వాసనొస్తోంది."

రొట్టెలు మాడలేదు. బెర్టీనా ఇంకా అతని వైపే చూస్తోంది. "నవ్వులాటకి చెప్పడం లేదు లెస్టర్. వద్దు."

"సరేలే, చిన్నగా చేస్తాం" అన్నాడు. అతనిచ్చిన మాట అదీ.

మర్నాడు నేను పైన ప్రేక్షకుల వరసలో కూర్చున్నాను. చివరి రోజు కదా, సభ్యుల భార్యలు, పిల్లలు, మాలాంటి ఇళ్ళవాళ్ళు అందరం వెళ్ళేవాళ్ళం. స్ట్రౌడ్ నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. పాపం, అప్పటికే ఓడిపోయినవాడిలా టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

బెర్టీనా లేచి నాలుగు మాటల్లో బిల్లు చెప్పి కూర్చుంది. అంతే, మొదలుపెట్టారు. ఒకాయన లేచి, "గౌరవ సభ్యురాలు చెప్పాలి. ఆ దీపం వెలుగుకి మా ఆవులకి నిద్రపట్టక పాలు ఎగ్గొడితే ఎవరు పూచీ?" అన్నాడు. ఇంకొకాయన, "ఎర్ర దీపం అంటున్నారు. ఇది కమ్యూనిస్టుల దీపం కాదని రాసిస్తారా?" అన్నాడు. దానికి స్పీకర్ కూడా నవ్వాడు. "రైలుకి దారివ్వడానికి కారు ఆగాలా, కారుకి దారివ్వడానికి రైలు ఆగాలా?" అని మూడో ఆయన. బెర్టీనా ప్రతిసారీ లేచి, అడిగినవాడు బుద్ధిగా అడిగినట్టే బుద్ధిగా జవాబు చెప్పింది. దాంతో వాళ్ళకి ఇంకా హుషారొచ్చింది. ఆవిడ రెండుసార్లు గడియారం వైపు చూసింది. అది చూసి కూడా నవ్వారు.

ఓటింగ్ పెట్టారు. బోర్డంతా ఎర్రబడింది. మధ్యలో స్కోగెన్ అన్న పేరు పక్కన మాత్రం ఒక పచ్చ దీపం. స్పీకర్ గంభీరంగా బిల్లు వీగిపోయిందని ప్రకటించాడు. హాలు ఘొల్లుమంది.

అప్పుడు లేవాలి లెస్టర్. లేచాడు. "ఓటు మళ్ళీ పెట్టండి" అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కానీ ఆ నోరు ఒక్క ముక్కతో ఆగిన రోజు ఏది? వేలంపాట గొంతు ఎత్తుకున్నాడు. గౌరవ సభ్యురాలి ధైర్యాన్ని పొగిడాడు, టోపీని పొగిడాడు, జవాబులు చెప్పిన ఓపికని పొగిడాడు. తర్వాత బల్ల కింద నుంచి రిబ్బను చుట్టిన పెట్టె తీశాడు. అందులో రేకు రైలు బొమ్మ. దాని కీ తిప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ భర్త ఎలా పోయాడో లెస్టర్‌కి తెలుసు. కొనేటప్పుడు గుర్తు రాలేదు, అంతే. గుర్తొస్తే కొనేవాడు కాదు, మంచివాడు కదా.

బొమ్మ బల్ల మీద గిరగిరా పరుగెత్తి కింద పడింది. జనం బల్లలు చరుస్తున్నారు. అతను వంగి దాన్ని తీసి మళ్ళీ కీ తిప్పుతూ, ద్వారం దగ్గర ఉద్యోగికి కన్ను గీటాడు. గడియారం సంగతి చూడవోయ్ అని. పదిహేడేళ్ళుగా కన్ను గీటితే నిచ్చెన వచ్చేది మరి. ఆ ఉద్యోగి రెండు చేతులూ చాచి తల అడ్డంగా ఊపాడు. లెస్టర్ మొహంలో నవ్వు అలాగే ఉంది, దాన్ని ఏం చెయ్యాలో తెలీనట్టు.

"స్పీకర్ గారూ, ఓటు మళ్ళీ..." అన్నాడు.

స్పీకర్ సుత్తి అప్పటికే బల్ల మీద పడింది. "పన్నెండైంది లెస్టర్. సభ ముగిసింది."

"ఒక్క నిమిషమే కదండీ. అందరం పచ్చే నొక్కుతాం."

"నొక్కినా చెల్లదయ్యా. కోర్టు ఏమందో విన్నావుగా. ఇందాక ఎప్పుడైనా అడగాల్సింది."

స్ట్రౌడ్ నా వైపు తిరిగాడు. అతని కళ్ళల్లో సంతోషం కూడా లేదు, ఆశ్చర్యం ఉంది. "మేడమ్, చలికాలమంతా వీళ్ళకి తినిపించాను. ఒక్క ఓటు తిప్పలేకపోయాను" అన్నాడు.

నేను కిందికి దిగేసరికి లెస్టర్ బెర్టీనా బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. "వచ్చే సభలో మొదటి వారంలోనే పెట్టేద్దామమ్మా. నాది పూచీ. రెండేళ్ళే కదా" అంటున్నాడు.

"ఈ రెండేళ్ళూ రైళ్ళు ఆగుతాయా, లెస్టర్?" అని ఆవిడ కాగితాలు సర్దుకుంది. గొంతు పెంచలేదు. నాకు మాత్రం ఆ రైలు బొమ్మ తీసి అతని నెత్తిన కొట్టాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

లెస్టర్‌ని రైలు కంపెనీ కొనేసిందని తర్వాత కొందరు రాశారు. అది అబద్ధం. అతన్నెవరూ కొనలేదు. కొని ఉంటే కనీసం ఎవరో ఒకరికి ఆ బిల్లుకి విలువుందని తెలిసినట్టయ్యేది. ఉత్తి పుణ్యానికే చంపేశారు.

మరుసటి ఏడాది శరత్కాలంలో, ఆల్డర్ కౌంటీలో లిండ్‌వాల్ అనే రైతు, అతని భార్య మీగడ డబ్బాలు ట్రక్కులో వేసుకుని పట్నం బయల్దేరారు. గిడ్డంగి పక్కన ట్రక్కు దిగి చూడలేదు. అందరూ దిగరు. వాళ్ళ ఏడేళ్ళ కూతురు కారిన్ ఆ ఉదయమే అదే చోట బెర్టీనా బస్సులో క్షేమంగా దాటి బడికెళ్ళింది. ఆ సాయంత్రం బెర్టీనా ఆ పిల్లని వాళ్ళింటికి కాకుండా తన ఇంటికి తీసుకెళ్ళింది. బంధువులెవరూ రాలేదు. అక్కడే ఉండిపోయింది.

1953లో బిల్లు నిజంగానే మొదటి వారంలో వచ్చింది. ప్రవేశపెట్టింది లెస్టరే. చెప్పాలంటే అది అతని జీవితంలో తొలి బిల్లు. మర్యాద చెయ్యడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. లెస్టర్ లిండ్‌వాల్ దంపతుల గురించి మాట్లాడాడు. కళ్ళు తుడుచుకున్నాడు. పై వరసలో ఆడవాళ్ళు కూడా తుడుచుకున్నారు. బోర్డంతా పచ్చబడింది. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఎవరి కోసమో నాకు సరిగ్గా అర్థం కాలేదు. బెర్టీనా తన పచ్చ మీట తను నొక్కి, కూర్చునే ఉంది.

ఆ సాయంత్రం అందరూ భోజనం చేసి లేచాక లెస్టర్ వెనక ఉండిపోయాడు. నేను పళ్ళేలు తీస్తున్నాను.

"బెర్టీనా, అప్పట్నుంచీ నాకు నిద్ర లేదమ్మా. క్షమించానని ఒక్క మాట అను" అన్నాడు.

ఆవిడ తన పళ్ళెం నా చేతికిచ్చి అతని వైపు తిరిగింది. "నన్నెందుకు అడుగుతావు? నా మొగుడు నీ తమాషాకి ముందే పోయాడు. కారిన్ మా ఇంట్లో ఉంది. శనివారం రా. దాన్ని అడుగు."

వెళ్ళడనుకున్నాను. వెళ్ళాడు. మంచులో, సొంత కారేసుకుని, పొద్దున్నే బయల్దేరి వెళ్ళాడు. అది ఒప్పుకోవాలి. సోమవారం సాయంత్రం బెర్టీనా ఇంకా రాకముందే నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది. రెండేళ్ళుగా పోయిన ఆకలి తిరిగొచ్చినట్టుంది, మాంసం ముక్కలు రెండు వడ్డించుకున్నాడు.

"పిల్ల నవ్వింది, ఆర్డిస్" అన్నాడు. "ముందు అసలు మాట్లాడలేదు. దాని చెవి వెనక నుంచి నాణెం తీశాను. ఆవు వేలం పాడించాను, కోడి వేలం పాడించాను. పొట్ట పట్టుకుని నవ్విందనుకో. ఇంకోసారి, ఇంకోసారి అంటూ వదల్లేదు. వాళ్ళమ్మానాన్నా పోయాక అది అంతలా నవ్వడం అదే మొదటిసారట."

"మంచిదే" అన్నాను. నిజంగా మంచిదే. "నువ్వెవరని చెప్పావు?"

"బెర్టీనా స్నేహితుణ్ణన్నాను."

"ఎందుకొచ్చావో చెప్పావా?"

అతను కత్తితో మాంసం ముక్క కోస్తూ ఆగాడు. "చెబుదామనే వెళ్ళాను. పిల్ల అంత సరదాగా ఉంటే మధ్యలో ఆ మాట ఎలా తెస్తాం చెప్పు? సందర్భం రాలేదు."

లెస్టర్ ప్రూయిట్‌కి మాట్లాడే సందర్భం దొరక్కపోవడం, నేనెరిగినంతలో, ఆ ఒక్కసారే.